అత్త పెట్టిన కేసు

ఆ ఫ్యాను కొంచెం ఇటు తిప్పమనండి మేడం, ఈ కట్టు లోపల చెమట పట్టి ఒకటే దురద. నీళ్ళొద్దు, కింద తాగిన. అయినా ముసలోళ్ళ కేసులు చూసే ఆఫీసు మేడ మీద పెట్టుడేంది? చేతులు విరిగినోళ్ళు, మోకాళ్ళు పోయినోళ్ళు, మేమే గదా మీ కాడికి వచ్చేది? మీ తప్పని కాదు. మెట్లెక్కిన ఆయాసంల అంటున్న.

అవ్, నేనే భారతమ్మను. దమ్మపేట దాటినంక అడివి మొదలయ్యే కాడ మా ఊరు. పిటిషన్ పెట్టింది నేనే. మీరు చదవొద్దులెండి, అందులో ఏముందో నాకు నోటికొచ్చు. మా మరిది బాబూరావు పొద్దున కారులో కూడా అప్పజెప్పించుకుంట తీసుకొచ్చిండు, బళ్ళె పిల్లకు పద్యం నేర్పినట్టు. కోడలు నాగలత నన్ను తిడతది, తిండి పెట్టదు, తోసేస్తే పడి చెయ్యి విరిగింది. ఇల్లు నా పేరు మీద ఉంది గనుక, పెద్దోళ్ళ చట్టం కింద ఆమెను నా ఇంట్లకెల్లి ఖాళీ చేయించాలె. గంతే గదా?

మీరు ఆడమనిషని మా మరిదికి తెల్వదు. ఆర్డీవో సారు, ఆర్డీవో సారు అనుకుంట వచ్చిండు. సారు ముందర కొంగు కప్పుకోని కొంచెం ఏడువు వదినా అన్నడు. ఇప్పుడు ఏడువాల్నా వద్దా, నాకే తెలుస్తలేదు.

ఒక్కదాన్నే రమ్మని మీరనకపోతే వాళ్ళిద్దరూ నాకు ఇటొకరు అటొకరు కూచునేటోళ్ళు. బయట బెంచీ మీద ఉన్నది నా కొడుకు ఉదయ్ భాస్కర్, వాడి పక్కన మా మరిది. ఆ చివర కిటికీ కాడ నిలబడ్డది నాగలత. మేము కారులో వచ్చినం, ఆమె బస్సుకు వచ్చింది. అందరం ఒక్క గేట్లకెల్లే బయల్దేరినం.

చెప్తున్న, ఉండండి. చెయ్యి ఎట్ల విరిగిందంటే ఒక్క ముక్కల చెప్పొచ్చు. గానీ ఆ ఒక్క ముక్క చెప్పాలంటే వెనకదంతా చెప్పాలె.

నేను ముదిగొండ పిల్లను. మా అత్తగారోళ్ళు కృష్ణా కెల్లి వలస వచ్చినోళ్ళు. మా ఆయన వెంకటప్పయ్య ఉన్నప్పుడే మామిడి తీసేసి పామాయిల్ వేసినం. పోయేముందు ఇల్లు నా పేరు మీద రాసి పోయిండు. ఎందుకయ్యా అంటే, ఉండనియ్ అన్నడు. ఆయన ఏం చూసి రాసిండో నేనప్పుడు అడగలే.

ఉదయ్ మా ఒక్కగానొక్కడు. ఊళ్ళె ఎవర్నన్న అడగండి, చెడ్డోడని ఒక్కరు కూడా అనరు. ఎవరికి పాము కరిచినా, ఎవరికి నొప్పులొచ్చినా కారు తీసేది వాడే. బయటికి గంత మంచోడు. గేటు లోపలికి వస్తేనే... ఏమో మేడం, చెప్పులు విడిచినట్టు ఆ మంచితనమంతా గడప బయటనే విడిచి వచ్చేటోడు.

నాగలతది వేంసూరు. నోరు జాస్తి. నాకు నచ్చదు, ఇప్పటికీ నచ్చదు, ఎందుకు అబద్ధం? ఏ కూరల చూసినా చింతపండు గుమ్మరిస్తది. ఒక మాటంటే రెండు మాటలంటది. వాడు కొట్టేది కూడా గందుకే. ఉప్పెక్కువైందనో, అన్నం మాడిందనో కాదు. ఎదురు చెప్పిందని.

కొడితే ఆమె పుట్టింటికి పోయేది. కొన్నాళ్ళకు మా మరిది, ఇంకో ఇద్దరు పెద్దమనుషులు పోయి తీసుకొచ్చేటోళ్ళు. వాడు తలొంచుకోని కూచునేటోడు, ఆమె కండ్లు తుడుచుకునేది, అందరికీ కాఫీలు. మాకందరికీ అలవాటైన తొవ్వ అది. పోవుడు, తెచ్చుడు. వేంసూరు బస్సు కండక్టరుకు కూడా తెలుసు.

నిరుడు వానాకాలంల వాడు గెలలు కోసే కర్రతోని కొట్టిండు. చెవి చినిగింది. ఆమె చీర కొంగు చెవికి పెట్టుకోని రోడ్డు మీదికి పోయి నిలబడ్డది. వేంసూరు బస్సొచ్చింది, ఎక్కలే. కొత్తగూడెం బస్సొచ్చింది, ఎక్కింది. గంతే మేడం. బస్సు మార్చింది.

అక్కడ, దెబ్బలు తిన్న ఆడోళ్ళకు సాయం చేసే సఖి సెంటరోళ్ళ కాడికి పోయింది. ఆడికెల్లి దవాఖాన, మల్ల కోర్టు. గృహహింస కేసంట. కొన్నాళ్ళకు ఆర్డరొచ్చింది. ఆమెను కొట్టొద్దు, తిట్టొద్దు, ఇంట్లకెల్లి వెళ్ళగొట్టొద్దు. ఒక లేడీ ఆఫీసరు జీపుల నాగలతను తీసుకొచ్చి మా హాల్లె సోఫా మీద కూచోని గట్టిగ చదివింది. వీధంతా మా గేటు కాడనే ఉంది. నేనామెకు టీ ఇవ్వాల్నా వద్దా తెల్వక వంటింట్ల నిలబడ్డ. నాగలతనే పెట్టి తెచ్చిచ్చింది.

అదే మేడం, అదే ఎవ్వరికీ మింగుడు పడలే. కేసు పెట్టినా పెట్టింది, పుట్టింట్ల కూచుంటే అదొక మర్యాద. మొగుణ్ణి కోర్టుకెక్కించి, మల్ల అదే పొయ్యి మీద టీ పెట్టుడేంది? వీధంతా అన్నరు. నేను కూడా అన్న. వాళ్ళమ్మే ఫోన్ చేసి, వచ్చెయ్యవే, మా పరువు తియ్యకు అని ఏడ్చింది. నాగలత ఫోన్ పెట్టేసి నా దిక్కు తిరిగి ఒకటే మాటన్నది. "కొట్టినోడు ఇంట్ల ఉండంగ, దెబ్బలు తిన్న నేనెందుకు పోవాలె అత్తయ్యా?"

జవాబుందా మేడం? నాకు దొరకలే. జవాబు దొరకకపోతే మనిషికి కోపమొస్తది గదా, నాకు కోపమే వచ్చింది.

వాడు ఆమె మీద చెయ్యి వేసుడు బంద్ చేసిండు. అది నిజం, దేవుని తోడు. ఆర్డరంటే వాడికి భయం. గానీ ఊళ్ళె తిరగలేకపోయిండు. హోటల్ కాడ వాణ్ణి చూసి 'కోర్టు మొగుడు' అని నవ్వుకునేటోళ్ళంట. అశ్వారావుపేటల మా వాళ్ళ పెళ్ళికి పోతే, పర్మిషన్ తీసుకొనే వచ్చినవా అని అడిగిండంట ఒకడు. వాడు అన్నం తినకుండ తిరిగొచ్చిండు. ఇక ఆమెనైతే పేరంటానికి పిలుచుడే మానేసిండ్రు. ఎదురింటామె వాకిట్ల ముగ్గేస్తూ కూడా అటు తిరిగి కూచుంటది. ఆమెకు చెవి చినిగిననాడు ఈ ఊళ్ళె ఎవరికీ సిగ్గనిపియ్యలే, ఆర్డరొచ్చిన నాటికెల్లి అందరికీ సిగ్గే.

మా తోటల పనికొచ్చే జంపక్క అని ఒకామె ఉంది. కోయోళ్ళు, అడివి లోపలి ఊరు. ఒకనాడు రాలిన పండ్లు ఏరుకుంట నన్నడిగింది, ఇంటి గొడవకు కోర్టెందుకమ్మా, మీకు పెద్దోళ్ళు లేరా అని. ఆమె మొదటి మొగుడు గట్లనే కొడితే, వాళ్ళ ఊరి పెద్దలు కూచోని పెండ్లి తెగ్గొట్టి పంపిండ్రంట. ఇప్పుడున్నోడు రెండో ఆయన. లేక కాదే, ఉండబట్టే గిట్లయిందన్న నేను. ఆమె నవ్వింది. మల్ల తనే అన్నది, మాకూ ఉత్తగనే రాలేదమ్మా, పిల్లగాన్ని వాడి కాడనే ఇడిసి రావలసొచ్చింది అని. అన్నంక ఇగ నవ్వలే.

ఏం చెప్తున్న? ఆఁ, మా మరిది. ఎవరో వకీలును అడిగొచ్చిండు. కోడండ్లకు చట్టం ఉన్నట్టే ముసలోళ్ళకూ ఉంది వదినా, ముల్లును ముల్లుతోనే తియ్యాలె అన్నడు. ఇల్లు నీది, కోడలు నన్ను బాధపెడుతుందని ఒక్క సంతకం పెడితే ఆర్డీవో సారు వెళ్ళగొడతడు, ఆ కోర్టు ఆర్డరు దానికదే పోతది అన్నడు. పోతదా మేడం? నిజంగనే? ...గంత తేలిగ్గ పోదా. మరి మా మరిది అట్ల చెప్పలే.

నేను తర్వాత చూద్దాంలే అన్న. ఉదయ్ రోజూ అడుగుడు మొదలువెట్టిండు. అన్నం కాడ, టీవీ కాడ, స్నానానికి నీళ్ళు తోడుకుంట. పెట్టవా అమ్మా, పెట్టవా. ఒకనాడు కంచం గోడకేసి కొట్టిండు. ఒకనాడు టీవీ రిమోటు. కోపం ఎక్కడికి పోతది మేడం? ఇంట్ల ముగ్గురాడోళ్ళం, నేను, నాగలత, నా మనవరాలు లిఖిత. ఆర్డర్ల నాగలత పేరుంది. నా పేరు లేదు గదా.

అవ్. మీరు పెన్ను పట్టుకుంటే నేను చెప్పను. ముందు అది కింద పెట్టండి.

ఈ చేతికి మూడు కథలున్నయ్. దవాఖానల జారి పడ్డ అని చెప్పిన. మీ కాడున్న కాయితంల కోడలు తోసింది అని ఉంది. మూడోది ఎవరికీ చెప్పలే.

ఆనాడు వెనక వరండాల కూచోని చింతపండు గింజ తీస్తున్న. నాగలత మిద్దె మీద బట్టలారేస్తున్నది. లిఖిత కాలేజీకి పోయింది. ఉదయ్ కాయితం, పెన్ను తీసుకొచ్చి నా ముందర కూచున్నడు, చిన్నప్పుడు కూచున్నట్టు, గొంతుక్కూచోని. పెట్టమ్మా అన్నడు. నేనన్న, అది నన్నేమన్నదిరా, నోరు జాస్తే గానీ నన్ను ఏనాడూ తిట్టలేదు గదా, పొద్దున గూడా మోకాళ్ళకు నూనె రాసింది అన్న.

వాడు నా చేతిల పెన్ను పెట్టి, పైన వాడి చెయ్యి వేసి అదిమిండు. నేను గుంజుకున్న. వాడు వదల్లే. మణికట్టు పట్టుకోని మెలేసిండు. అంతే, చప్పుడైంది. ఎండుపుల్ల విరిగితే ఎట్లయితదో గట్ల. నాకు ముందు చప్పుడే వినొచ్చింది మేడం, నొప్పి తర్వాతొచ్చింది.

వాడు నా మొకం చూసిండు. నేను వాడి మొకం చూసిన. లేచి బండేసుకోని పోయిండు.

నాగలత మిద్దె దిగొచ్చింది. తోటల ఉన్న జంపక్కను కేకేసింది. ఇద్దరూ కలిసి నన్ను ఆటోల ఎక్కించి సత్తుపల్లి తీసుకపోయిండ్రు. డాక్టరు ఎట్లయిందమ్మా అని అడిగితే, నాగలత నా దిక్కు చూసింది. ఆమె చూసే ఉంటది, మిద్దె మీదికెల్లి వరండ కనపడతది. జారి పడ్డ అన్న నేను. ఆమె తలకాయ అటు తిప్పుకున్నది. తిరిగొచ్చేటప్పుడు ఆటోల మెల్లగ అడిగింది. "ఎవరన్న అడిగితే నేను ఏం చెప్పాలో మీరే చెప్పండి అత్తయ్యా." నేను కండ్లు మూసుకున్న. నిద్ర పోయిందనుకుంటదని.

సాయంత్రం వాడొచ్చిండు. ఆపిల్ పండ్లు తెచ్చిండు. నా కాళ్ళ కాడ కూచోని, కావాలని చెయ్యలేదమ్మా అని ఎక్కెక్కి ఏడ్చిండు. ఆ ఏడుపు నాకు తెలుసు మేడం. నాగలతను కొట్టినప్పుడల్లా గట్లనే ఏడ్చేటోడు. గోడ అవతలికెల్లి నాకు వినొచ్చేది, ఏడుస్తున్నడు గదా, మారుతడులే అనుకోని పక్కకు తిరిగి పండుకునేదాన్ని. ఆ ఏడుపు గోడ ఇవతల ఎట్లుంటదో ఆనాడు చూసిన.

మీ కాయితం మీద వేలిముద్ర చూసిండ్రా? నాకు సంతకం వచ్చు. ముదిగొండల ఐదు దాకా చదివిన. చెయ్యి కట్టుల ఉండె, నొప్పి గోలీలతోని తల తిరుగుతుండె. మా మరిది ఎడమ బొటనవేలు పట్టుకున్నడు. పెద్దదానివి వదినా, కొడుకు పరువు నీ చేతులల్లనే ఉంది అన్నడు. ఎన్ని చేతులున్నయ్ నాకు? ఉన్న రెండింట్ల ఒకటి విరిగింది, రెండోది ఆయన పట్టుకున్నడు. నేను గుంజుకోలే. ఈసారి గుంజుకోలే మేడం.

మీ నోటీసు నాగలతకు వచ్చింది. వాకిట్ల నిలబడి మొత్తం చదివింది. నాకప్పుడు తినే చెయ్యి లేదు, ఆమెనే కలిపి పెట్టేది. ఇయ్యాళ పెట్టదులే అనుకున్న. కంచం తెచ్చింది. ఠంగున బల్ల మీద పెట్టింది. ముద్ద కలిపి నా నోటి కాడికి తెచ్చి అన్నది, "తినండి. నేను తోసినట్టు రాయించిండ్రు. తినకపోతే తిండి పెట్టలేదన్నది కూడా నిజమైతది."

తిన్న మేడం. చింతపండు ఎక్కువే ఉంది. అయినా తిన్న.

లిఖిత నా గదిల పండుకునేది, చిన్నప్పటికెల్లి. ఆనాడు దుప్పటి, దిండు తీసుకోని వాళ్ళమ్మ గదిలకు పోయింది.

లేదు, ఏడుస్తలేను. ఇది చెమట.

మల్ల పెన్ను తీసిండ్రేంది? ...నాకు కూడానా? నాగలత పెట్టినదే, ఆ గృహహింస కేసే? తల్లి కూడా పెట్టొచ్చా కొడుకు మీద? ఏమో, కోడండ్లదే అనుకున్నం అందరం. మా మరిది అది చెప్పలే సుమా. అడిగిన చట్టాలే చెప్పిండు వకీలు.

వద్దు బిడ్డా. తప్పు, మేడం. వద్దు. ఏడు పదులు దాటినంక నేను కోర్టు బోనెక్కి, వీడు నా చెయ్యి విరిచిండని చెప్పాల్నా? వాడు నా కడుపున పుట్టినోడు. రేపు నాకు తలకొరివి పెట్టాల్సినోడు. ఇదే మాట నాగలతకు వేరేగ చెప్పిన నేను, తాళి కట్టినోడమ్మా, కోర్టుకెక్కించకు అని. ఆమెకు తాళి చెప్పిన, నాకు కొరివి చెప్పుకుంటున్న. చూసిండ్రా, మాకు ఏదో ఒకటి ఉంటది చెప్పుకోనీకి.

ఆమె గట్టిది, నిలబడ్డది. ఆమెకు ముందు చాన బతుకుంది. నాకెందుకు? ఊళ్ళె అత్తాకోడండ్లిద్దరూ కలిసి ఒక్కన్ని జైలుకు పంపిండ్రంటరు. జైలు లేదా? కొట్టొద్దని చెప్పుడేనా? మాకు రెండూ ఒకటే మేడం. మా కాడ కేసంటే కేసే.

నేను చెప్పేది ఒకటే. ఈ పిటిషన్ కొట్టెయ్యండి. ఆమె నన్ను తొయ్యలే, తిండి పెట్టకుండ లేదు. ఆమె నా ఇంట్లనే ఉంటది, ఉండాలె. ఇది రాసుకోండి, కావాలంటే ఎడమ చేత్తోని సంతకం చేస్త, వంకరగ వచ్చినా సంతకమే.

ఎందుకంటే... మీరు అడగకముందే చెప్తున్న. ఆమె మీద జాలితోని అనుకునేరు. గదేం లేదు. ఆమె బస్సెక్కి పోయిందనుకోండి, ఆ ఇంట్ల మిగిలేది వాడు, నేను. సాయంత్రం గేటు చప్పుడైతే లేచి వంటింట్లకు పోత మేడం, నేను కన్నోడు వస్తుంటే. పొయ్యి కాడ ఆమె గిన్నెలు చప్పుడు చేస్తుంటే ధైర్యంగ ఉంటది. ఇంతకాలం ఆమె పక్కన నేనుండి ఏం చేసిన్నో తెల్వదు గానీ, నా పక్కన ఆమె లేకపోతే నేనుండలేను.

అవ్. భయమే. నా కొడుకంటే నాకు భయం. ఇగ చాలా?

ఆగండి, గంట కొట్టకండి. వాణ్ణి లోపలికి పిలవకండి. మీ ముందర ఏమీ అనడు, మీకు కుర్చీ కూడా జరిపి వేస్తడు, గంత మర్యాదస్తుడు. కింద కారు ఉంది. ఇక్కడికెల్లి మా ఊరు దాకా అడివి తొవ్వ. నేను ఆ కారుల ఎక్కను. మీరు నాలుగు మాటలు గట్టిగ చెప్తరు, వాడు తలూపుతడు, మెట్లు దిగినంక ఏమైతదో మీకు తెల్వదు, నాకు తెలుసు.

ఈ ఆఫీసుకు వేరే తొవ్వ ఏమన్న ఉందా? ఆ రికార్డుల గది పక్కకెల్లి? మీ ప్యూనును నా వెంట పంపించండి, చాలు. సంతకం ఎక్కడ పెట్టాలో చూపించండి, పెట్టి పోత. వాళ్ళను మాత్రం కొంచెంసేపు ఆ బెంచీ మీదనే కూచోబెట్టండి.

ఇంకొకటి. నాగలతకు చెప్పమనండి, చుట్టు తిరిగి ఆ పక్కకు రమ్మని. బస్సుకు పోదామని అత్తయ్య చెప్పిందని చెప్పమనండి.

రానంటదా? ...అంటదేమో. వేలిముద్ర వేసింది నేను గదా, రావాల్నని ఏముంది?

రాకపోతే ఏం చేస్త మేడం, బస్టాండు ఎటో అడుక్కుంట పోత.